నెర్రె పడని గుర్రం

బాంకురా గుర్రం ఒక్క మట్టిముద్దలోంచి పుట్టదు. నాలుగు కాళ్లు, రెండు ముక్కల మెడ, ముఖం సారె మీద వేటికవిగా తయారవుతాయి. లోపలంతా బోలు. ఆ తర్వాత కుమ్మరి వాటిని చేత్తో ఒంటికి అతుకుతాడు. అతుకు పడిన ప్రతిచోటా నెర్రె పడే అవకాశం ఉంటుంది. అయినా పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా జిల్లా పాంచ్‌మురా గ్రామంలో జానెడు బొమ్మ నుంచి మూడు నాలుగడుగుల విగ్రహం దాకా గుర్రాలు ఒక్క గీత లేకుండా ఆరి, కాలి, నిలబడుతున్నాయి. ఇది అదృష్టం కాదు. మట్టిలోని తడిని గంట గంటకూ గమనించే శ్రద్ధ వల్ల సాధ్యమైన పని. మట్టిని విరగ్గొట్టేది ఎండా కాదు, మంటా కాదు. ఒకే వస్తువులో రెండు చోట్ల తడి రెండు రకాలుగా ఉండటమే దాన్ని విరగ్గొడుతుంది. పాంచ్‌మురా పనితనమంతా ఆ తేడాను రానివ్వకపోవడంలోనే ఉంది.

ఎర్ర నేల దారి

తెలుగు నేల నుంచి పాంచ్‌మురాకు దారి సులువే. హౌరా వైపు వెళ్లే రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగాలి. రైల్వే కొలువుల కోసం వెళ్లి తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద తెలుగు మాట చెవిన పడితే అక్కడెవరూ ఆశ్చర్యపోరు. అక్కడి నుంచి ఆద్రా వైపు వెళ్లే లైను మేదినీపూర్, సాల్‌బొని, గడ్‌బేతా మీదుగా బిష్ణుపూర్ చేరుతుంది. మేదినీపూర్ దాటాక కిటికీ బయట రంగు మారుతుంది. వరిమళ్ల మధ్య సాల వృక్షాల అడవి, దాని కింద తుప్పు రంగు కంకర నేల. ఈ ఎర్ర గరప చూడ్డానికి అందంగా ఉన్నా సారె మీదికి పనికిరాదు. కుమ్మరికి కావలసింది పల్లపు పొలాల్లో, చెరువు గర్భాల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మెత్తని బంకమన్ను.

బిష్ణుపూర్ ఒకప్పుడు మల్ల రాజుల రాజధాని. ఇక్కడి గుళ్లు మట్టి పనికి పాఠ్యపుస్తకాల్లాంటివి. రఘునాథ సింహుని కాలంలో 1643లో కట్టిన శ్యామ రాయ్ ఆలయం, 1655 నాటి జోడ్ బంగ్లా, 1694 నాటి మదన మోహన ఆలయం కాల్చిన మట్టి పలకలతో నిండి ఉంటాయి. రాసలీల, యుద్ధాలు, వేట, పడవలు గోడంతా పరుచుకుంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే పెద్ద దృశ్యం మధ్యలో సన్నని గీతలు కనిపిస్తాయి. అవి పగుళ్లు కావు, పలక అంచులు. పెద్ద బొమ్మను చిన్న పలకలుగా విడగొట్టి, వేటికవి ఆరబెట్టి కాల్చి, గోడ మీద మళ్లీ కలిపారు. పలక ఎంత పెద్దదైతే ఆరేటప్పుడు అంత ఎక్కువ ముడుచుకుంటుంది, అంచులు అంతగా పైకి లేస్తాయి. మట్టి తనంతట తాను ఎక్కడ చీలాలనుకుంటుందో అక్కడ శిల్పి ముందే గీత గీసిపెట్టినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు.

బిష్ణుపూర్ నుంచి పాంచ్‌మురా గంట లోపు రోడ్డు ప్రయాణం. తాల్‌డాంగ్రా బ్లాకులోని ఈ ఊళ్లో కుమ్మరుల ఇంటిపేరే కుంభకార్. ఇక్కడి గుర్రాలు మొదట అంగడి సరుకు కావు, మొక్కుబడి వస్తువులు. ధర్మ ఠాకూరుకు, మనసాదేవికి, చెట్ల కింది గ్రామదేవతలకు కోరిక తీరినవారు మట్టి గుర్రం, మట్టి ఏనుగు సమర్పించేవారు. రాజగ్రాం, సోనాముఖి, హమీర్‌పూర్‌లలో కూడా ఈ పని ఉంది. ఊరూరికీ తీరు వేరు. నిటారు మెడ, నిక్కపొడుచుకున్న చెవులతో పాంచ్‌మురా గుర్రం అన్నిటికన్నా పేరు తెచ్చుకుంది. ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మట్టి ఎందుకు ముడుచుకుంటుంది

ఎండిన చెరువు అడుగును చూసిన ఎవరికైనా ఈ విషయం సగం తెలిసినట్టే. నీరు ఇంకిపోగానే బురద ముడుచుకుంటుంది. కింది పొర ఇంకా తడిగా ఉండి కదలదు, పై పొర మాత్రం దగ్గరికి లాక్కుంటుంది. ఆ లాగుడుకు తట్టుకోలేక నేల పలకలు పలకలుగా నెర్రెలిస్తుంది. గుర్రం మెడ దగ్గర జరిగేదీ ఇదే, కాకపోతే చిన్న కొలతలో.

బంకమట్టి రేణువులు కంటికి కనబడనంత చిన్నవి, ఆకారంలో పలచని రేకులు. రేకుకూ రేకుకూ మధ్య నీటి పొర ఉంటుంది. వేలితో నొక్కితే రేకులు ఒకదాని మీద ఒకటి జారడానికి, నొక్కిన చోటే నిలవడానికి ఆ పొరే కారణం. మట్టి ఆరుతున్నకొద్దీ ఆ నీరు పోతుంది, రేకులు దగ్గరవుతాయి, వస్తువు చిన్నదవుతుంది. రేకులు ఒకదానికొకటి తగిలాక ముడత ఆగిపోతుంది. ఆ పైన సందుల్లో మిగిలిన నీరు పోయినా కొలత మారదు, రంగు మాత్రం లేతబడుతుంది. అంటే ప్రమాదమంతా మొదటి సగంలోనే. మట్టి ముదురు రంగులో, చల్లగా ఉన్నంతకాలం దాన్ని కాపాడుకోవాలి. పాలిపోయాక భయం చాలావరకు తగ్గుతుంది.

చేతిపనికి వాడే మట్టి ఆరేటప్పుడు పొడవులో సాధారణంగా 5 నుంచి 8 శాతం దాకా ముడుచుకుంటుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ అతుకు దగ్గర లెక్క వేస్తే దాని బలం తెలుస్తుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మెడ గొట్టం చుట్టుకొలత సుమారు 31 సెంటీమీటర్లు. అప్పుడే సారె మీంచి దించిన గొట్టం 6 శాతం ముడుచుకోవాలంటే చుట్టూ దాదాపు 19 మిల్లీమీటర్లు తగ్గాలి. నిన్న చేసిన ఒంటి భాగం అప్పటికే సగం ముడుచుకుని ఉంటే అతుకు దగ్గర దానికి మిగిలింది 9 మిల్లీమీటర్లే. రెంటినీ ఈరోజు అతికితే, రేపటికి ఒక సెంటీమీటరు తేడాను ఆ అతుకే మోయాలి. పచ్చిమట్టికి అంత సాగే బలం లేదు. కాబట్టి అతుకు ఊడిపోతే తప్పు అతికిన చేతిది కాకపోవచ్చు, అతికిన వేళది కావచ్చు.

పదును

పొలం దున్నడానికి రైతు పదును చూస్తాడు. నేల మరీ తడిగా ఉంటే నాగలికి ముద్ద అంటుకుంటుంది, మరీ ఆరితే పెళ్లలు లేస్తాయి. తెలుగులో ఈ ఒక్క మాట నేల తడినీ, పనికి అదనైన వేళనూ కలిపి చెబుతుంది. మట్టి అతుకుకూ ఇదే మాట వర్తిస్తుంది. పదును కుదరకముందే అతికితే కాలు ఒంటి బరువుకు కుంగిపోతుంది. పదును దాటాక అతికితే కొత్త మట్టి పాతదాన్ని పట్టదు.

పదును తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. గోరు నొక్కితే గుర్తు పడాలి, వేలితో నొక్కితే సొట్ట పడకూడదు. చేత్తో ఎత్తితే ఆకారం మారకూడదు, కత్తితో కోస్తే పొడి రాలకుండా నున్నగా తెగాలి. ఈ దశ పొడి వేసవిలో కొన్ని గంటల్లోనే వచ్చి పోతుంది, వానాకాలంలో రోజులు పడుతుంది. అందుకే కాళ్లు, మెడ, ముఖం ఒకే విడతలో, ఒకే మట్టితో, వీలైనంత ఒకే మందంలో చేసుకుని ఒకే చోట ఆరనివ్వాలి. ఏదైనా ముందే గట్టిపడుతుంటే తడిగుడ్డ చుట్టి ఆపాలి, వెనకబడినదాన్ని విప్పి గాలి తగలనివ్వాలి. అన్నీ ఒకే పదునుకు వచ్చాకే అతుకు మొదలవ్వాలి.

దీనికన్నా ముందు మట్టిని సిద్ధం చేయడం ఉంది. తెచ్చిన మట్టిని ఎండబెట్టి, నలగగొట్టి, రాళ్లూ వేళ్లూ ఏరి, నానబెట్టి, కాళ్లతో తొక్కాలి. తొక్కుడు సరిగ్గా పడని మట్టిలో ఒకచోట తడి, ఒకచోట పొడి ఉండిపోతాయి. తేడా అప్పుడే పుట్టిందన్నమాట. మరీ జిగటగా ఉన్న మట్టి ఎక్కువ నీరు పీల్చి ఎక్కువ ముడుచుకుంటుంది. అందులో ఇసుక కలిపితే ముడత తగ్గుతుంది. ఇసుక రేణువు నీరు తాగి ఉబ్బదు, ఆరి ముడుచుకోదు. లోపలి తడి బయటికి రావడానికి దాని పక్కనే సన్నని దారులు కూడా ఏర్పడతాయి. ఊక, పేడ, పగిలిన కుండల పొడి కూడా ఇదే మేలు చేస్తాయి.

అతుకు వేసే తీరు

ఒక కాలిని ఒంటికి అతికే పనిని దగ్గరగా చూస్తే వరుస ఇలా ఉంటుంది. కాలి పై అంచునూ, అది కూర్చునే చోటునూ ముల్లుతోనో దువ్వెన పళ్లతోనో అడ్డదిడ్డంగా గీస్తారు. నున్నని ముఖాలు రెండు కలిస్తే మధ్యలో జారుడే మిగులుతుంది. గీసిన ముఖాల గరుకు ఒకదానిలోకి ఒకటి దిగుతుంది, నీరు పీల్చుకునే వైశాల్యమూ పెరుగుతుంది. ఆ గీతల మీద అదే మట్టితో చేసిన పలచని గుజ్జు రాస్తారు. గుజ్జు వేరే మట్టిది కాకూడదు, ఎందుకంటే దాని ముడత వేరుగా ఉంటుంది. అది జిగురు కూడా కాదు. గీతల్లోని రేకులను తిరిగి తడిపి, రెండు వైపులూ ఒకటయ్యేలా చేయడమే దాని పని. ఎక్కువ పూస్తే మేలు జరగదు. గుజ్జులో నీరు ఎక్కువ కనుక అది మట్టికన్నా ఎక్కువ ముడుచుకుని, అతుకు పొడవునా తానే నెర్రె అవుతుంది.

తర్వాత నొక్కుడు. కాలిని పెట్టి కొంచెం అటూ ఇటూ తిప్పుతూ, గుజ్జు అంచుల్లోంచి పిసరంత బయటికి వచ్చేదాకా నొక్కాలి. లోపల గాలీ నీరూ నిలవకుండా ఈ నొక్కుడే చూస్తుంది. ఆపైన కాలికీ పొట్టకూ మధ్య మూలలో సన్నని మట్టి తాడు పెట్టి, వేలితో రెండు వైపులా మెత్తి కలుపుతారు. పగులు ఎప్పుడూ పదునైన మూలలోంచే మొదలవుతుంది. ఆ మూలను గుండ్రం చేస్తే లాగుడు ఒక గీత మీద పడక అంతటా సర్దుకుంటుంది. చివరగా చిన్న చెక్కతో అతుకు చుట్టూ మెల్లగా తడతారు. తట్టుడుకు రేకులు దగ్గరగా, ఒకే వరసలో సర్దుకుంటాయి. అలా బిగిసిన మట్టి తక్కువగా, సమంగా ముడుచుకుంటుంది.

ఈ విద్య తెలుగు నేలకూ పాతదే. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో దొరికిన శాతవాహనుల నాటి తెల్లమట్టి బొమ్మలు రెండు అచ్చులతో చేసినవి. ముందు సగం ఒక అచ్చులో, వెనక సగం ఇంకో అచ్చులో ఒత్తి, రెంటినీ బోలుగా అతికారు. పాంచ్‌మురా గుర్రం కాలు అడిగిన జాగ్రత్తనే ఆ అతుకూ అడిగి ఉంటుంది.

నీడలో వారం

అతుకు అయ్యాక గుర్రం ఎండలోకి వెళ్లదు. ఒంటి మీద తగిన చోట్ల రంధ్రాలు చేస్తారు. మూసుకుపోయిన బోలులో తేమ బందీ అవుతుంది. పైగోడ ఆరి ముడుచుకుంటుంటే లోపలి గోడ తడిగానే ఉండిపోతుంది. రంధ్రం ఉంటే రెండు వైపులూ ఒకే వేగంతో ఆరుతాయి. ఈ పని సమయానికి చేయకపోతే పగులు దాదాపు ఖాయం.

తర్వాత ఆరేడు రోజులు గుర్రాలు మూసిన గదిలో ఉంటాయి. ఆ తర్వాత తలుపులు, కిటికీలు తెరుస్తారు. ఆ పైనే ఎండ. ఈ వరుసకు గట్టి కారణముంది. ముడుచుకునే దశ మొత్తం గదిలోని నిశ్చలమైన, తేమ గాలిలో గడిచిపోతుంది. ఎండ తగిలే సమయానికి మట్టికి ముడుచుకోవలసింది ఏమీ మిగలదు. ఎండకన్నా గాలిని ఎక్కువ కనిపెట్టాలి. కిటికీ పక్కన పెట్టిన బొమ్మ గాలి తగిలే వైపు ముందు ఆరి, అటే వంగుతుంది. బయటి కొసలు, పలచని అంచులు, కాలి గిట్టలు ఒంటికన్నా ముందు ఆరుతాయి. వాటికి తడిగుడ్డ ముక్కో ప్లాస్టిక్ కాగితమో చుడితే మందమైన పొట్ట వాటిని అందుకునేదాకా ఆగుతాయి. అతుకుల మీద కూడా మొదటి రోజు ఇలా కప్పు ఉంచడం మంచిది. కొత్త గుజ్జులోని అదనపు నీరు రెండు వైపులా మెల్లగా పాకి సమానమవుతుంది.

అడుగు భాగాన్ని చాలామంది మరిచిపోతారు. ముడుచుకునే వస్తువు నేల మీద జరగాలి. గరుకు నేలకు అంటుకుపోతే పైభాగం లోపలికి లాగుతుంది, అడుగు కదలదు, మధ్యలో చీలుతుంది. కింద ఇసుక, బూడిద లేదా పాత న్యూస్‌పేపరు వేస్తే వస్తువు దాని మీద జారుతుంది. మధ్య మధ్యలో తిప్పి పెడితే అడుగుకూ గాలి దొరుకుతుంది.

గుర్రం చెవులు, తోక ఈ పనిలోని తెలివిని ఇంకా బాగా చూపిస్తాయి. అవి ఆకుల్లా పలచన. లావాటి మెడకు అతికితే గంటల్లో ఆరిపోయి, తడిగా ఉన్న తలలోంచి ఊడివస్తాయి. అందుకే వాటిని అసలు అతకరు. విడిగా చేసి, ఒంటి మీద ముందే ఉంచిన గాడుల్లో తర్వాత దోపుతారు. గుర్రం కొన్నవారు చెవులు ఊడదీసి మూటగట్టుకుని, ఇంటికెళ్లి పెట్టుకుంటారు. అతకడం తెలిసిన చేతికి ఎక్కడ అతకకూడదో కూడా తెలుసు.

బెంగాల్ కుమ్మరులు వైశాఖ మాసంలో సారె తిప్పరు. సారె శివుడికి చెందినదని వారి నమ్మకం, ఆ నెల దానికి విశ్రాంతి. ఆచారానికి మూలం భక్తే. అయితే ఆ నెల ఈ ఎర్ర నేల మీద వేడిగాడ్పులు వీచే నెల కూడా, పచ్చిమట్టికి ఏడాదిలోకెల్లా కష్టకాలం.

మోలేలా పలక

మట్టి అతుకుకు ఇంకో రూపం చూడాలంటే దేశం పడమటి వైపుకు వెళ్లాలి. రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ జిల్లాలో, నాథ్‌ద్వారాకు దగ్గరలో, బనాస్ నది తీరాన మోలేలా గ్రామం ఉంది. ఇక్కడ నిలువు విగ్రహాలు కాక గోడకు ఆనించే దేవతా పలకలు చేస్తారు. దేవనారాయణుడు, నాగదేవత, గుర్రపు రౌతులు వాటి మీద ఉబ్బెత్తుగా ఉంటారు. భిల్లులు, గరాసియాలు, గుజ్జర్లు వచ్చి వీటిని కొని, మేళతాళాలతో తమ ఊళ్ల గుళ్లకు తీసుకువెళతారు.

పలక పని గుర్రానికన్నా కఠినం. చదునైన మట్టి పైభాగం ఆరుతుంటే అడుగు తడిగా ఉంటుంది, దాంతో అంచులు అప్పడంలా లేస్తాయి. పైగా దాని మీద అతికిన బొమ్మ ఉన్నచోట మందం, లేనిచోట పలచన. మోలేలా కుమ్మరులు ఈ రెంటికీ ఉపాయాలు కనిపెట్టుకున్నారు. చెరువు మట్టిలో గాడిద పేడ కలిపి పిసుకుతారు. పేడలోని సన్నని గడ్డి పీచు ఆరేటప్పుడు మట్టిని దారాల్లా పట్టి ఉంచుతుంది, కాలేటప్పుడు మండిపోయి ఆవిరికి దారి వదులుతుంది. రెండో ఉపాయం బోలు. దేవుడి ఒళ్లు ముద్దగా పెట్టరు, పలచని గోడలా లేపి లోపల ఖాళీ ఉంచుతారు. దాంతో బొమ్మ మందమూ పలక మందమూ దాదాపు సమానమవుతాయి. ఇప్పుడు నగరాల స్టూడియోల్లో కాగితం గుజ్జు కలిపిన మట్టి వాడుతున్నారు. ఆ కాగితపు పీచు చేసే పని గాడిద పేడ మోలేలాలో తరతరాలుగా చేస్తూనే ఉంది.

బట్టీ ముందు, బట్టీ తర్వాత

ఆరిందో లేదో తేల్చుకోవడానికి చెంపే కొలత. బొమ్మను చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా నీరు పోతున్నట్టే. గది వేడితో సమానంగా తగిలితే ఆరినట్టు. ఈ దశలో వెంట్రుకవాసి పగులు కనబడితే తడిమట్టితో పూడ్చకూడదు. తడి ముక్క ముడుచుకుంటుంది, ఆరిన ఒళ్లు ముడుచుకోదు, మర్నాటికి పూత రాలిపోతుంది. అదే మట్టిని కాల్చి నూరిన పొడిలో కొద్దిగా గుజ్జు కలిపి, దాదాపు పొడిగా కూరితే కొంతవరకు నిలుస్తుంది. పెద్ద పగులైతే బొమ్మను నానబెట్టి మళ్లీ మట్టి చేసుకోవడమే మేలు. కాలనంతవరకు మట్టి వృథా కాదు.

బట్టీలో మొదటి కొన్ని గంటలూ మంట సన్నగా ఉండాలి. ఆరినట్టు కనిపించే మట్టిలోనూ గాలి తేమ కొంత దాగి ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి రేకుల మధ్య నుంచి మెల్లగా జారిపోవాలి. తొందరపెడితే బొమ్మను లోపలి నుంచి పేలుస్తుంది. పేలుడుకు బోలులోని గాలి కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి కారణం తడే. ఆ పైన సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య రేకుల కూర్పులో ఉన్న నీరు కూడా పోతుంది, మట్టి ఇక ఎప్పటికీ బురదగా మారదు. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికం ఒక్కసారిగా కొలత మార్చుకుంటుంది. వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ ఆ గడప దాటాలి. అందుకే మంట ఆరిన బట్టీని వెంటనే తెరవరు. ఆరబెట్టేటప్పుడు తడి విషయంలో పాటించిన నియమమే ఇక్కడ వేడికి వర్తిస్తుంది: ఒళ్లంతా ఒకేసారి మారాలి.

పాంచ్‌మురాలో పొగను బట్టీ రంధ్రాల గుండా బయటికి వదిలితే గుర్రం ఎర్రగా, రంధ్రాలు మూసేసి పొగను లోపలే ఆపితే నల్లగా వస్తుంది. బట్టీ చల్లారాక ఒక్కొక్క గుర్రాన్నీ తీసి బూడిద తుడిచి, వేలి కణుపుతో మెడ మీద, పొట్ట మీద, ప్రతి కాలి మీద తడతారు. అతుకు నిలిచిన చోట గణగణమంటుంది. లోపల కంటికి కనబడని నెర్రె ఉంటే మొద్దుగా పలుకుతుంది. విడివిడి ముక్కలుగా మొదలైన గుర్రం అన్నిచోట్లా ఒకే గొంతుతో పలికితే, చెవులూ తోకా దోపి వరసలో నిలబెడతారు.